వైద్యశాస్త్రజ్ఞులు వులిమిరి రామలింగస్వామి గారు

వైద్యులలో రెండు తెగలవారు కలరు. రోగి మంచముకడ నిలిచి, నాడి చూచి, మందిచ్చి, ప్రాణము నిలుపువారు మొదటి తెగవారు. వీరిని రోగి యెరుగును, రోగి బంధువులెరుగుదురు, ఊరంతయు నెరుగును. రోగము పుట్టకమునుపే దాని త్రోవను మూసివేసి, తామెన్నడును చూడని కోట్లకొలది జనులకు మేలు చేయువారు రెండవ తెగవారు. వీరివలన బాగుపడినవానికి తాను బాగుపడినట్లే తెలియదు. రాని రోగమునకు కృతజ్ఞత చెప్పువాడెవ్వడు? అందుచేత ఈ రెండవ తెగవారి పేర్లు గ్రంథములలో నిలుచునేగాని జనుల నోట నిలువవు. అట్టి మహావైద్యులొకరు మన తెలుగుగడ్డపై పుట్టి, దేశమంతటికిని ఉపకారము చేసి, 2001వ సంవత్సరము మే 28వ తేదీన ఢిల్లీలో కీర్తిశేషులైరి. వారే డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు. వారి చరిత్రమును మా పాఠకుల యెదుట నుంచుట మా విధియని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పాన్‌గల్ దుర్గపు పరిసరములనే తీసికొందము. వనపర్తి, గద్వాల, నాగరుకర్నూలు సీమలు సముద్రమునకు బహుదూరమున నున్నవి. రైలును మోటారును లేని కాలమున లంబాడీలు తీరమునందలి కొఠారులనుండి ఎద్దులపై ఉప్పు వేసికొని, గుంపులు గుంపులుగా దక్కను పీఠభూమికెక్కి, ఉప్పునకు ధాన్యము మారకము చేసికొని మరలిపోవుచుండిరి. నేడు మన దేశపు ఉప్పులో ఎక్కువభాగము గుజరాతునుండి వచ్చుచున్నది. అంగడిలో కొనిన ఆ సంచిపై అయోడిను కలిపిన ఉప్పు అని అచ్చువేసియుండును. పాన్‌గల్ రైతుగాని వనపర్తి వర్తకుడుగాని ఆ మాటను చూచి సంచి విప్పునేగాని, ఆ రెండు మూడు మాటలు ఆ సంచిపైకి ఎక్కుటకు వెనుక ఎన్ని దశాబ్దముల పాటు జరిగిన పరిశోధన యున్నదో, ఎంత వాదోపవాదము నడచినదో తలపోయడు. ఆ పరిశోధనకు మన దేశమున పునాదివేసినవారిలో ప్రధానులు రామలింగస్వామి గారు.

వీరు 1921వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు చెన్నపట్టణపు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. ఆ సీమ సముద్రతీరమున నున్నది. నౌపడ ఉప్పుమళ్ళు అచ్చటివే. ఉప్పు పండు సీమలో పుట్టిన బాలుడు పెద్దవాడై ఉప్పుచేతనే హిమాలయప్రాంతపు ప్రజల రోగమును మాన్పు మార్గము చూపుట విధివిలాసమనవలయును. విశాఖపట్టణమునందు 1923లో స్థాపితమైన ఆంధ్ర వైద్యకళాశాలలో వీరు చదివి, 1944లో వైద్యపట్టమును, 1946లో ఎం.డి. పట్టమును పొందిరి. అటు తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సలిపి 1951లో డాక్టరు బిరుదమునందిరి. ఆ కాలమున ఇంతటి విద్య గడించిన యువకుడు ఏ పట్టణముననో వైద్యశాల తెరచినయెడల ధనమునకును పేరునకును కొదవయుండెడిది కాదు. వీరు ఆ త్రోవ త్రొక్కలేదు. రోగము దేహమునందు ఏ అవయవమును ఎట్లు మార్చునో పరీక్షించు రోగనిదానశాస్త్రమును వీరు తమ వృత్తిగా నెంచుకొని, నీలగిరులలోని కూనూరునందున్న ఆహారపరిశోధనశాలలో చేరిరి.

ఈ కూనూరు పరిశోధనశాల సామాన్యమైనది కాదు. రాబర్టు మెకారిసన్ అను ఆంగ్లేయ సైనికవైద్యుడు 1918లో ఒక చిన్నగదిలో ప్రారంభించిన విచారణయే పెరిగి పెరిగి ఈ సంస్థయైనది. 1958లో ఇది హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలయుచున్నది. ఆ మెకారిసన్ తన యౌవనమున హిమాలయముల కావలనున్న గిల్గిట్టు లోయలో గళగండ రోగమును గూర్చి శోధించినవాడు. ఒకే సెలయేటి నీరు త్రాగు పల్లెలలో ఎగువవారికంటె దిగువవారికి గొంతువాపు ఎక్కువగా నుండుట గమనించి, నీటిలోని మాలిన్యమే ఈ రోగమునకు కారణమని అతడు తలచెను. ఆ తలంపును పరీక్షించుటకై ఆ నీటి మడ్డిని తానే త్రాగి చూచినంతటి సాహసి. అతని సాహసమును మెచ్చుకొనవలయును. అతని నిర్ణయము మాత్రము పూర్తిగా నిలువలేదు. అది తప్పెచ్చట, ఒప్పెచ్చట యని తేల్చు పని తరువాతి తరమువారికి మిగిలెను. అతడు నెలకొల్పిన సంస్థలోనే పనిచేసిన ఆంధ్రుడొకడు ఆ పనిని నెరవేర్చుట గమనింపదగినది.

ఇచ్చట ఆ రోగస్వరూపమును కొంత వివరింపవలసియున్నది. మనుష్యుని కంఠమున ముందువైపున, శ్వాసనాళమునంటి, సీతాకోకచిలుక రెక్కలవలె విచ్చుకొనియున్న చిన్నగ్రంథి యొకటి కలదు. దీనిని థైరాయిడు గ్రంథి యందురు. ఇది నేరుగా రక్తములోనికి విడుచు రసమునకు హార్మోను అని పేరు. దేహపు వేడిమియు, గుండె వేగమును, పిల్లల ఎదుగుదలయు, అన్నిటికంటె ముఖ్యముగా తల్లికడుపులోని శిశువు యొక్క మెదడు రూపొందుటయు ఈ రసముపై ఆధారపడియున్నవి. దీనిని తయారుచేయుటకు గ్రంథికి అయోడిను అను మూలద్రవ్యము కావలయును. ఎంత కావలయునన్నచో, పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు. అనగా ఒక గ్రామును లక్షభాగములు చేసినచో అందు 15 భాగములు. నిండు జీవితమునకు ఒక్క చెంచాడు చాలును.

ఇంత స్వల్పమైన ద్రవ్యము కూడ దొరకని సీమలు ప్రపంచమున పెక్కు కలవు. అయోడిను నేలనుండి పంటలోనికిని, పంటనుండి మనుష్యునిలోనికిని రావలయును. వానలును, కరగిన మంచును, వరదలును వేలయేండ్లుగా పైమట్టిని కడిగివేసిన కొండలోయలలో నేలకే అయోడిను లేదు. నేలకు లేనిది పంటకు రాదు. పంటకు లేనిది పశువునకును మనుష్యునకును రాదు. అప్పుడు గ్రంథి తనకు దొరకిన కొలదిపాటి అయోడినును విడువక పట్టుకొనుటకై పెరిగి ఉబ్బును. ఇదియే గళగండము. సుశ్రుతసంహితయందు దీని వర్ణన కలదు గావున మన ప్రాచీనులు దీనిని బాగుగ నెరుగుదురు. అయితే ఉబ్బిన గొంతు కంటికి కనబడు గురుతు మాత్రమే. కంటికి కనబడని నష్టము దానికంటె ఘోరమైనది. గర్భిణికి అయోడిను మిక్కిలి కొరవడినచో బిడ్డ చెవిటియై, మూగయై, మరుగుజ్జై, మందబుద్ధియై పుట్టవచ్చును. అంతగా కొరవడనిచోట బిడ్డ చూచుటకు చక్కగానే యుండును. బడిలో మాత్రము వెనుకబడును. తల్లిదండ్రులు వానిని సోమరియందురు, ఉపాధ్యాయుడు మొద్దనును, నిజమైన దోషము వంటింటి ఉప్పులో నున్నదని ఎవ్వరును ఎరుగరు.

ఈ రోగమునకు విరుగుడు రామలింగస్వామి గారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. 1811లో ఫ్రాన్సుదేశమున కూర్త్వా యనునతడు సముద్రపు నాచు బూడిదనుండి అయోడినును కనిపెట్టెను. 1895లో జర్మనుదేశీయుడైన బౌమన్ ఆ ద్రవ్యము థైరాయిడు గ్రంథియందుండుట చూపెను. 1914లో అమెరికాలో కెండల్ ఆ గ్రంథియొక్క హార్మోనును వేరుచేసెను. 1917లో ఓహియో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున డేవిడు మెరైన్ బడిపిల్లలగు బాలికలకు అయోడినునిచ్చి గళగండమును నివారింపవచ్చునని నిరూపింప మొదలిడెను. 1922 నుండి స్విట్జర్లాండులో ఉప్పులో అయోడిను కలిపి అమ్మసాగిరి. 1924లో అమెరికాలోని మిషిగాను రాష్ట్రమును ఆ పని మొదలుపెట్టెను. ఇట్లు విరుగుడు తెలిసి మూడుదశాబ్దములు గడచినను, కాశ్మీరమునుండి అస్సాముకొండలవరకు వ్యాపించిన హిమాలయపు గళగండసీమలో లక్షలకొలది జనులు ఉబ్బిన గొంతులతోడనే కాలము గడపుచుండిరి. శాస్త్రము పుస్తకములలో నుండెను; రోగము పల్లెలలో నుండెను. ఈ రెంటి నడుమ వంతెన కట్టువాడు లేకపోయెను. రామలింగస్వామి గారి జీవితపు ముఖ్యకార్యము ఆ వంతెనయే.

వీరు 1954లో భారత వైద్యపరిశోధన మండలిలో పదవి స్వీకరించి, 1957లో ఢిల్లీలో అంతకు ముందేడే నెలకొల్పబడిన అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో రోగనిదానశాస్త్రాచార్యులైరి. ఈ నడుమనే ధవళధార్ పర్వతముల పాదముననున్న కాంగ్డా లోయ వీరి దృష్టినాకర్షించెను. ఆ లోయ అప్పుడు పంజాబులోనిది. 1966 నుండి హిమాచలప్రదేశమున చేరినది. వీరియెదుట రెండు ప్రశ్నలుండెను. హిమాలయపు గళగండమునకు నిజమైన కారణము అయోడిను కొరతయా, లేక మెకారిసన్ తలచినట్లు నీటి దోషమా? అయోడిను కొరతయే యైనచో, ఉప్పు ద్వారా దానినందించుట మన దేశపు ఎండలోను వానలోను మన సంతలలోను సాధ్యమా?

మొదటి ప్రశ్నకు వీరును వీరి సహచరులగు సుబ్రహ్మణ్యన్, దేవ్ గార్లును రేడియో అయోడిను సాయమున సమాధానము సాధించిరి. రోగపీడితుల గ్రంథులు ఇచ్చిన అయోడినును ఆవురావురుమని పీల్చుకొనుటయు, వారి మూత్రమున అయోడిను మిక్కిలి తక్కువగా విసర్జింపబడుటయు వీరు కొలిచి చూపిరి. ఆకొన్నవాడే అన్నమును అట్లు మ్రింగును. ఈ పరిశోధన 1961లో లండనునుండి వెలువడు లాన్సెట్ పత్రికయందు ప్రకటింపబడెను. అయోడిను కొరతయే హిమాలయ గళగండమునకు మూలమని దీనివలన స్థిరపడెను.

రెండవ ప్రశ్నకు సమాధానము ప్రయోగశాలలో దొరకునది కాదు. ప్రయోగశాల గోడలు విడిచి లోయయంతయు ప్రయోగశాలగా చేసికొనవలసివచ్చెను. 1956లో డాక్టరు సూచ్ మున్నగువారితో గలిసి వీరు సుమారు లక్షమంది జనులున్న ప్రాంతమును మూడు మండలములుగా విభజించి, గళగండపీడితులను లెక్కించిరి. మూడింటను రోగము ఇంచుమించుగ సమముగనే యుండెను. తరువాత ఒక మండలమునకు పొటాసియము అయోడైడు కలిపిన ఉప్పును, ఒక మండలమునకు పొటాసియము అయోడేటు కలిపిన ఉప్పును, నడిమి మండలమునకు ఏమియు కలుపని ఉప్పును సరఫరా చేయించిరి. ఈ అయోడేటు విషయము చిన్నదిగా తోచవచ్చును గాని ఆచరణమున పెద్దది. అయోడైడు తేమకును వేడికిని నిలువక ముతక ఉప్పునుండి త్వరలోనే పోవును, అయోడేటు నిలుచును. పడమటిదేశముల శుభ్రమైన పొడి ఉప్పునకు సరిపడినది, మన దేశపు చెమ్మగిల్లు ఉప్పునకు సరిపడునని ముందుగా నమ్మరాదు. పరదేశపు విద్యను మన నేలపై పరీక్షించి స్వీకరించుటయన నిదియే.

1962లో మరల లెక్కింపగా అయోడిను ఉప్పు తిన్న రెండు మండలములలోను గళగండము గణనీయముగ తగ్గియుండెను. వట్టి ఉప్పు తిన్న మండలమున రోగము తగ్గలేదు. అప్పుడు ఆ నడిమి మండలమునకు కూడ అయోడిను ఉప్పును సరఫరా చేసిరి. 1968, 1972 సంవత్సరములలో పరీక్షింపగా అచ్చటను రోగము తగ్గుముఖము పట్టియుండెను. పదునారేండ్ల ఈ పరిశోధనయొక్క ఫలితము 1973లో ప్రపంచారోగ్యసంస్థవారి పత్రికలో వెలువడి, లోకమునందంతటను అయోడిను ఉప్పునకు గట్టి ఆధారముగ పరిగణింపబడెను. దేవ్, కార్మార్కర్, కొచ్చుపిళ్ళై, రామచంద్రన్ గార్లు ఇందు వీరికి సహచరులు. ఒక్కనికి కీర్తి కట్టబెట్టుట మన దేశపు అలవాటు. ఇట్టి పని పదిమంది చేతులవలనగాని కాదని మేము చెప్పక తప్పదు.

ఒక ఆక్షేపణను ఇచ్చట విచారింపవలయును. విరుగుడు తెలిసియుండగా నడిమి మండలమువారిని కొన్నియేండ్లు వట్టి ఉప్పుతో నుంచుట న్యాయమా యని మా పాఠకులలో కొందరడుగుదురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ యేండ్లలో అచ్చట పుట్టిన బిడ్డల నష్టము నష్టమే. అయితే ఆ పోలిక లేనిచో, రోగము తగ్గుట ఉప్పువలననా, మంచి తిండివలననా, రోడ్లు పడుటచే బయటి ధాన్యము వచ్చుటవలననా యని సందేహము మిగిలియుండెడిది. సందేహముండగా ప్రభుత్వము ధనమిచ్చెడిది కాదు. దేశమంతటను నష్టము సాగెడిది. అప్పటికి ఆ ప్రాంతమంతయు వట్టి ఉప్పునే తినుచుండెననియు, ప్రయోగమువలన ఎవ్వరికిని ఉన్న మేలు తొలగింపబడలేదనియు గూడ మరువరాదు. నేటి వైద్యధర్మము ఇట్టి ప్రయోగమును ఇంతకాలము అనుమతింపకపోవచ్చును. ఫలితము తేలినంతనే ఆ మండలమునకును మంచి ఉప్పు చేర్చుట, తరువాత పదియేండ్లు వారిని విడువక పరీక్షించుట వీరి బాధ్యతాభావమునకు నిదర్శనమని మా అభిప్రాయము.

కాంగ్డా ఫలితముల ననుసరించి 1962లో కేంద్రప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకమును ప్రారంభించెను. పథకము పుట్టినంత సులభముగ పెరుగలేదు. అయోడిను ఉప్పును తయారుచేయు కర్మాగారములు కొలదిగ నుండెను. రోగమున్న జిల్లాలకు మాత్రమే ఆ ఉప్పు పంపవలయునని నియమముండుటచే, పొరుగు జిల్లానుండి చవుకయైన వట్టి ఉప్పు దొంగతనముగ దిగుచుండెను. నాలుగు గోడల నడుమ రోగమును మాన్పు వైద్యుడు ఇంతటితో తన పని ముగిసినదని యూరకుండును. రామలింగస్వామి గారు ఊరకుండలేదు. 1969 నుండి 1979 వరకు ఢిల్లీ వైద్యవిజ్ఞాన సంస్థకు అధిపతిగను, 1979 నుండి 1986 వరకు భారత వైద్యపరిశోధన మండలికి ప్రధానాధికారిగను ఉండి, పరిశోధన ఫలితములు ప్రభుత్వపు నిర్ణయములుగ మారుటకు వీరు పాటుపడిరి.

ఈ కాలముననే విషయము మరియొక మలుపు తిరిగెను. ఉత్తరప్రదేశములోని గోండా, దేవరియా మున్నగు జిల్లాలలో అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డురక్తమును కొచ్చుపిళ్ళై గారును సహచరులును పరీక్షింపగా, కేరళదేశపు శిశువులలో కంటె అచ్చటి శిశువులలో థైరాయిడు హార్మోను కొరత అనేకరెట్లు ఎక్కువగ కనబడెను. ఈ జిల్లాలు కొండలు కావు, మైదానములు. కావున గళగండము కొండవారి గొంతులకు పట్టిన వికారమను పాతమాట తొలగి, ఇది దేశపు భావిపౌరుల మేధస్సునకు సంబంధించిన ప్రశ్నయను సత్యము పైకివచ్చెను. తరువాతి పరిశీలనలలో అయోడిను కొరత బొత్తిగ లేని రాష్ట్రమొక్కటియు లేదని తేలినది. 1983లో ఖాసగీ వర్తకులకును అయోడిను ఉప్పు తయారుచేయుటకు అనుజ్ఞ లభించెను. 1984లో దేశమునందలి తినెడి ఉప్పుకంతటికిని అయోడిను కలుపవలయునని నిర్ణయమాయెను. 1992లో పథకమునకు అయోడిను కొరత రుగ్మతల నివారణ పథకమని పేరు మార్చిరి. పేరు మారుటలోనే దృష్టి మారుట కనబడుచున్నది.

ఉప్పు మన దేశమున వట్టి సరకు కాదు. 1930లో గాంధీ మహాత్ముడు దండికి నడచి పిడికెడు ఉప్పుతో సామ్రాజ్యమును ఎదిరించినది మొదలు ఉప్పు స్వాతంత్ర్యమునకు చిహ్నమైనది. కావున అయోడిను లేని ఉప్పును తినుటకై అమ్మరాదని 1998లో ప్రభుత్వము నిషేధించినప్పుడు, పేదవాని ఉప్పునకు మరల సంకెల వేయుచున్నారనియు, చిన్న ఉప్పుమళ్ళవారి నోరుకొట్టి పెద్ద కంపెనీల బొక్కసము నింపుచున్నారనియు ఆక్షేపణలు చెలరేగెను. 2000లో కేంద్రప్రభుత్వము నిషేధమును తొలగించెను. మరుసటియేడే రామలింగస్వామి గారు కాలధర్మమునొందిరి. 2006 మే నెలలో నిషేధము తిరిగి అమలులోనికి వచ్చెను. దానిని చూచుటకు వారు లేరు. చిన్నవర్తకుల కష్టము అసత్యము కాదు. వారి మళ్ళకడకే అయోడేటును, కలుపు యంత్రమును చేర్చుట ప్రభుత్వపు విధి. కాని పరప్రభుత్వము తన బొక్కసమునకై ఉప్పుపై పన్ను వేయుటయు, స్వప్రభుత్వము బిడ్డల మెదడునకై ఉప్పులో మందు కలుపుటయు ఒక్కటే యనుట మాకు సమ్మతము కాదు. ఎన్నుకొను స్వేచ్ఛ పెద్దవానిది. నష్టపోవునది గర్భములోని శిశువు. ఆ శిశువు పక్షమున మాటలాడువారెవ్వరో యుండవలయును.

గళగండమొక్కటే వీరి పనియని తలచరాదు. మాంసకృత్తుల కొరతచే పిల్లల కాలేయము ఎట్లు చెడునో కోతులపై ప్రయోగముల ద్వారా వీరు శోధించిరి. గర్భిణుల రక్తహీనతను గూర్చియు పరిశోధించిరి. 1981లో ప్రకటితమైన సర్వజనారోగ్య నివేదికను సిద్ధముచేసిన సంఘమునకు వీరధ్యక్షులు; వైద్యము పట్టణపు ఆసుపత్రులనుండి గ్రామమునకు దిగవలయుననుట దాని సారాంశము. 1994లో సూరతులో మహమ్మారి భయము పుట్టినప్పుడు ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘమునకు వీరే అధ్యక్షత వహించిరి. 1996లో ఇరువురు సహచరులతో గలిసి ఐక్యరాజ్యసమితి బాలలనిధి కొరకు వ్రాసిన వ్యాసమున, ఆఫ్రికాలోని పేదదేశములలో కంటె మన ఉపఖండమున పిల్లలు ఎక్కువ బక్కచిక్కియుండుటకు కారణమేమని విచారించి, ధాన్యపు కొరత దీనికి చాలినంత సమాధానము కాదనియు, స్త్రీలకు మన యిండ్లలోగల హీనస్థితియే మూలమనియు తేల్చిచెప్పిరి. తల్లి బలహీనురాలైనచో బిడ్డ తక్కువబరువుతో పుట్టును. అయోడినునుగూర్చి ఆరంభమైన వీరి విచారణ చివరకు కూడ తల్లికడుపుననే నిలిచినది. 1976లో ప్రపంచారోగ్యసంస్థవారి లియోన్ బెర్నార్ బహుమానమును, 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, భారత జాతీయ విజ్ఞాన పరిషత్తు అధ్యక్షపదవిని వీరలంకరించిరి.

ఈ చరిత్రమువలన మనము నేర్వవలసినదేమి? విద్య సంపాదించుట ఒకయెత్తు. దానిని అవసరమైనవాని పళ్ళెములోనికి చేర్చుట మరియొకయెత్తు. వీరి కాలమునకు ముందే అయోడిను గుణము తెలిసినవారు వేలమంది కలరు. తెలిసినదానిని మన నేలపై నిరూపించి, నిరూపించినదానిని పథకముగ మార్చి, పథకము కుంటుపడినపుడు విడువక వెంటబడినవారు కొలదిమంది. శాస్త్రజ్ఞుని దేశభక్తి ఇట్లుండునని మేము నమ్ముచున్నాము.

ఇక మన వంతు మిగిలియున్నది. చట్టము ఢిల్లీలో నున్నను ఉప్పు వంటింటిలో నున్నది. మన సంతలలో అయోడిను లేని రాళ్ళ ఉప్పు, పశువులకని పేరుపెట్టి తెచ్చినది, తక్కువ వెలకు దొరకినచో కూలివారు దానినే కొందురు. కామందులును జీతగాండ్రకు దానినే కొలిపించుట కలదు. గంజి నీటిచుక్కవంటి మందును ఉప్పుపై వేసినచో అయోడినున్న ఉప్పు నీలివర్ణమునకు తిరుగును. బడిపిల్లలు కూడ చేయగల పరీక్ష యిది. ప్రతి గ్రామపు బడిలోను ఏటికొకపర్యాయము ఇంటింటి ఉప్పును తెప్పించి పరీక్షించుట కష్టమైన పని కాదు. ఉప్పును మూతలేని కుండలోను, పొయ్యి ప్రక్కను, చెమ్మలోను ఉంచరాదు. మూతగల పాత్రలో పొడిగ నుంచవలయును. అయోడిను మంచిదని ఉప్పు ఎక్కువ తినవలయునని కాదు. దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. కొలది ఉప్పే తినవలయును. తినునది అయోడిను కలిసినదై యుండవలయును. గర్భిణి యున్న ఇంట ఈ జాగ్రత్త మరింత అవసరము.

మహనీయుల పేర విగ్రహములు నిలుపుట మనకు పరిపాటి. రామలింగస్వామి గారికి విగ్రహము కట్టువారు కట్టుదురుగాక. దానికి మేమడ్డు చెప్పము. అయితే మా పాఠకులైన భూస్వాములును పట్టణవాసులును తమ పాలేరుల ఇండ్లలోని ఉప్పునుగూర్చి, తమ యూరి అంగడిలోని ఉప్పునుగూర్చి ఒక్కసారి విచారించినచో, ఆ విచారణవలన ఒక్క తల్లికైనను మంచి ఉప్పు చేరినచో, అది వారు కోరిన స్మారకమగును. ఈ చిన్న పనిని మనవారు ఉపేక్షింపరని ఆశించుచున్నాము.